రాజలింగం కాక, సమ్మె, ఒక వాలుగ

మొన్నొక పొద్దున జగిత్యాల బస్టాండులో కంట్రోలర్ గది ముందు నిలబడి బీర్పూర్ బస్సుకు బోర్డు మార్పిస్తున్నాను. భుజాన సంచి వేసుకున్న ఒక కుర్రవాడు నా పక్కనుంచి వెళ్లి బస్సెక్కాడు. అతని వెనకే ఒక వాసన వచ్చింది. వేయించిన తౌడు, దంచిన పల్లిచెక్క, వాటిలో చిటికెడు సోంపు. ఈ మూడూ కలిసిన వాసన ఏ వంటింట్లోనూ పుట్టదు. కిటికీ దగ్గరికి వెళ్లి "చేపల ఎరనా తమ్మీ?" అని అడిగాను. అతను సంచిని ఒడిలోకి లాక్కుని, "అవ్ మేడం, మీకెట్ల ఎర్కైంది?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా బస్సు కదిలింది. చెప్పడం మొదలుపెట్టి ఉంటే బీర్పూర్ చేరేదాకా చెప్పినా అయ్యేది కాదు. ఆ రోజంతా మైకులో ఊళ్ల పేర్లు చదువుతూనే ఉన్నాను కానీ మనసు మాత్రం ఒక చెరువు కట్ట మీద కూర్చుంది, రాజలింగం కాక పక్కన.

కాక కోరుట్ల డిపోలో డ్రైవరు. నేను కొత్తగా కండక్టరు ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను ఆయన బస్సుకే వేశారు. కోరుట్ల నుంచి జగిత్యాల, అక్కడినుంచి బీర్పూర్, మళ్లీ వెనక్కి. అప్పటికే ఆయన తల నెరిసింది. స్టీరింగుకు ఆనుకునేంత పొట్ట, మెడ చుట్టూ ఎప్పుడూ తడి తువ్వాల. బస్సు నెమ్మదిగా నడుపుతాడని పేరు. ఆ నెమ్మదికి కారణం ఆ దారిలో అందరికీ తెలుసు. రోడ్డు పక్కన నీళ్లు కనబడితే ఆయన కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదినుంచి లేచేది. కట్ట మీదుగా పోతున్నంతసేపూ ఆయన తల ఎడమకు తిరిగి, నీటి మీద బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసుకుంటూ పోయేది. "రాజలింగం, తొవ్వ ఇటుంది" అని ముందు సీట్లో ముసలమ్మలు గుర్తుచేసేవాళ్లు. ఆయన నవ్వి, తల తిప్పి, గేరు మార్చేవాడు. అంతే తప్ప ఇన్నేళ్లలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదని ఆయనే చెప్పుకునేవాడు, ఎవరూ అడగకపోయినా.

నేను సిరిసిల్ల పిల్లను. మా నాయన సాంచాలు నడిపేవాడు. ఇంటి ముందు గదిలోనే మరమగ్గాలు పొద్దంతా దడదడ కొట్టుకుంటుంటే వాటి చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి, మా ఇంట్లో ఎవరికీ చిన్నగా మాట్లాడటం రాదు. డ్యూటీలో మొదటి రోజు నేను "టికెట్" అంటే నిద్రపోతున్న మనుషులు ఉలిక్కిపడి లేచారు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. ఆ తరువాత భయపడి అసలు నోరే విప్పలేదు. చేయి చాపి నిలబడేదాన్ని. ఒకరోజు జగిత్యాలలో టీ తాగుతున్నప్పుడు కాక తాపీగా చెప్పాడు. బస్సులో ఎక్కినవాళ్లు రోజూ కనబడే మనుషులేననీ, టికెట్ అడిగేముందు వాళ్ల ఊరి సంగతి ఒకటి అడిగితే సరిపోతుందనీ, వానపడ్డదా, నాట్లు అయినయా, ఏదైనా ఒకటి. నేను నమ్మలేదు. అయినా చేసి చూశాను. నెల తిరిగేసరికి ఎవరి కొడుకు దుబాయి నుంచి ఎప్పుడొస్తాడో, ఎవరి బర్రె ఈనిందో నాకు తెలియకుండా పోలేదు.

ఆయన గాలం పిచ్చి నాకు తెలిసిన తీరు వేరు. డ్రైవరు సీటు వెనక పెట్టెలో మా ఇద్దరి అన్నం డబ్బాలు ఉండేవి. రెండూ స్టీలువే, రెండూ ఒకే సైజు. బీర్పూర్‌లో బస్సు ఆగాక ఆకలి మీద నేను ఒకదాని మూత తీశాను. తడిమట్టిలో ఎర్రలు, వానపాములు, ముద్దకట్టి మెలికలు తిరుగుతున్నాయి. నా సిరిసిల్ల గొంతు ఆ రోజు పూర్తిగా పనికొచ్చింది. కిందికి దిగినవాళ్లు కూడా వెనక్కి ఎక్కి వచ్చారు. కాక మాత్రం ఏమీ కంగారుపడలేదు. "మూత పెట్టు బిడ్డా, ఎండకు సచ్చిపోతయ్. నీ బువ్వ పక్క డబ్బల ఉన్నది" అన్నాడు. అప్పటినుంచి నా డబ్బాకు ఎర్రదారం కట్టుకునేదాన్ని. ఆయన మధ్యాహ్నం ఆగినంతసేపూ దగ్గరి చెరువుకు పోయి, కట్టె గాలం నీళ్లలో వేసి కూర్చునేవాడు. చేప పడితే చూసి, చాలాసార్లు వదిలేసేవాడు. బస్సు బయలుదేరే సమయానికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చి సీట్లో కూర్చునేవాడు. ఒక్కోసారి చేతికి పొలుసు అంటుకుని ఉండేది.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి, చెరువులు నిండి మత్తడి దూకాయి. అదే ఏడాది సమ్మె వచ్చింది. తెలంగాణ రావాలని ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. మా డిపో గేటు ముందు టెంటు వేసి అందరం కూర్చున్నాం. మొదట్లో పండగలాగే ఉంది. డప్పులు, పాటలు, రోడ్డు మీదే వంటావార్పు. బతుకమ్మ రోజులు కావడంతో ఆడవాళ్లు తంగేడు పూలు తెచ్చి గేటు ముందే బతుకమ్మ పేర్చి ఆడారు. తరువాత తరువాత ఉత్సాహం పలచబడింది. బస్సులు లేవు కాబట్టి నేను సిరిసిల్ల పోలేను. అద్దెగదిలో ఒక్కదాన్నే. టెంటు కింద పొద్దంతా ఊరికే కూర్చుంటే మనుషులకు ఒకరి మాట ఒకరికి గుచ్చుకోవడం మొదలైంది. ఎవరు నిన్న రాలేదు, ఎవరు తొందరగా ఇంటికి పోయారు, ఎవరు ఎవరితో ఫోన్లో మాట్లాడారు, ఇవే ముచ్చట్లు. స్టీరింగు పట్టే చేతులు ఖాళీగా ఉంటే వేళ్లు ఒకరి వైపు ఒకరు చూపించడం మొదలుపెడతాయని నాకు అప్పుడే తెలిసింది.

కాక ఒక పొద్దున లేచి, టెంటులో వంతు లేనివాళ్లు తనతో జగిత్యాల దారిలో ఉన్న దగ్గరి చెరువుకు రావచ్చని ప్రకటించాడు. దొరికిన చేపలు వంటావార్పుకు పనికొస్తాయి. కొందరు నవ్వారు. కొందరు అప్పుడే లేచారు. నాకు పోవాలనే ఉంది గానీ, ఇందరు మగవాళ్లతో చెరువుకు పోతే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. మరునాడు కాక భార్య లక్ష్మవ్వ నా గది తలుపు తట్టింది. చేతిలో రెండు వెదురు కట్టెలు. తాను పోతున్నాననీ, ఒక్కదానికి తోచదనీ, తోడు రమ్మనీ చెప్పింది. ఆ మాట నా కోసమేనని నాకు తెలుసు. దారిలో ఆమే చెప్పింది, కాకకు గాలం నేర్పింది తానేనని. పెళ్లయిన కొత్తలో ఆయనకు కొక్కేనికి ఎర్ర గుచ్చడం కూడా రాదట. ఈ సంగతి కాకను అడిగితే, ఆయన చాలాసేపు నీళ్ల వైపు చూసి, "గట్లనే అంటది" అన్నాడు.

చెరువు దగ్గర మొదటి రోజే అడ్డంకి వచ్చింది. ఆ చెరువులో చేపపిల్లలు పోసుకున్నది అక్కడి మత్స్యకారులు. వాళ్ల సంఘం పెద్ద గంగారాం కట్ట మీదికి వచ్చి మర్యాదగానే పలకరించాడు. ఆయన భార్య గంగవ్వ మాత్రం మొహమాటపడలేదు. "మీ బస్సులు బందువెట్టిన్రు. మా గంపలు కోరుట్ల అంగడికి ఎట్ల పోవాలె? పట్టిన చేపలు పట్టినకాడనే ఉన్నయ్. ఇగ మీరచ్చి గాలాలేస్తరా?" అంది. మేం తెలంగాణ కోసమే కదా సమ్మె చేస్తున్నాం అని మాలో ఒకతను అనబోతే, కాక చేత్తో ఆపాడు. గంగవ్వ గంపలు మా బస్సు మీదే పోయేవి. నీచు వాసనని మిగతా బస్సులు ఎక్కించుకోకపోయినా, కాక తానే పైకెక్కి తాడు కట్టేవాడు. ఆయన గాలం కట్టెను కట్టకు ఆనించి, ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ తరువాత మా వైపు తిరిగి ఎవరెవరికి మోటారు సైకిళ్లు ఉన్నాయో అడిగాడు.

మరునాటినుంచి పొద్దున్నే డ్రైవర్లు, మెకానిక్కులు తమ బండ్ల వెనక చేపల గంపలు కట్టుకుని కోరుట్ల అంగడికి చేర్చారు. ఖాకీ చొక్కాలకు నీచు వాసన. వాళ్ల ఇళ్లలో తిట్లు. అయినా ఒక్కరూ మానలేదు. అసలు చెప్పాలంటే మళ్లీ బండి నడపడం వాళ్లకు ప్రాణం లేచివచ్చినట్టు ఉంది. గంపలు చేర్చి వచ్చాక చెరువు కట్ట మీద మాకు చోటు ఉండేది. చిన్న చేపలు పడితే వదిలేయాలి, వల వేసినచోట గాలం వేయకూడదు. గంగారాం పెట్టిన షరతులు ఈ రెండే. కట్ట మీద కాక పద్ధతులు కూడా కొన్ని ఉండేవి. పక్కవాడి బెండు మునిగితే, అంటే వాడి గాలానికి చేప తగిలితే, మన తాళ్లన్నీ చిక్కుపడకుండా వెంటనే పైకి తీసేయాలి. పక్కవాడి ఎర అయిపోతే, అది ఎర్రలైనా, కాక తౌడు, పల్లిచెక్క, సోంపు కలిపి చేసే ముద్దైనా, అడగకముందే ఇవ్వాలి. టెంటు ముచ్చట్లు కట్ట మీద మాట్లాడవద్దు. ఈ చివరిది మాత్రం ఎవరూ పాటించలేకపోయేవాళ్లు. పాటించనివాళ్లలో కాక కూడా ఉండేవాడు.

అన్వర్ భాయి అని కోరుట్ల వాడే, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, ఒకరోజు చక్రం తిరిగే గాలం కట్టె పట్టుకుని వచ్చాడు. అక్కడ సముద్రంలో లాంచీ వెనక తళతళలాడే రేకు ఎర కట్టి లాక్కుంటూ పోతారనీ, అది చిన్న చేప అనుకుని పెద్ద చేప వెంటపడుతుందనీ చెప్పాడు. కాక కళ్లు పెద్దవైనాయి. ఆ సాయంత్రమే లక్ష్మవ్వ స్టీలు గరిటె ఒకటి మాయమైంది. దాని కాడ కోసి, రెండు చివరలా రంధ్రాలు పొడిచి, మూడు కొనల కొక్కెం తగిలించి, నీళ్ల బకెట్లో లాగి చూసుకుంటూ ఆయన ముసిముసి నవ్వులు నవ్వుకున్నాడు. అన్వర్ తెచ్చిన తంగూసు తాడు, సన్నటి నైలాన్‌ది, పొట్టిగా ఉంది. ఇంకో ముక్క అతకాలి. కాక వేసిన ముడి లాగగానే జారిపోయింది. నేను తీసుకుని నేత ముడి వేశాను. మగ్గం మీద పోగు తెగితే మా నాయన వేసేది, నేను నడక నేర్చిన రోజుల్లోనే నేర్పింది. తంగూసు నూలు కాదు, జారుతుందేమోనని కొసలను ఇంకో చుట్టు తిప్పి బిగించాను. కాక రెండు చేతులతో లాగి చూసి, తాడును చక్రానికి చుట్టడం మొదలుపెట్టాడు. లక్ష్మవ్వ మాత్రం గరిటె గురించి ఆ రాత్రంతా అంటూనే ఉందట.

ఇదంతా ఇలా హుషారుగా సాగుతుండగా టెంటులో ఒక మాట పడింది. సత్తయ్య అని చిన్నవయసు డ్రైవరు, ఏళ్ల తరబడి కాంట్రాక్టులో నలిగి ఈమధ్యే పర్మినెంటు అయినవాడు. పనిలోకి రానివాళ్ల ఉద్యోగాలు పోతాయని పుకారు లేచింది. సత్తయ్య తల్లి మంచంలో ఉంది. భయపడి, డ్యూటీకి పోదామా అని ఒకరిద్దరిని అడిగాడు. ఆ సంగతి భూమయ్య చెవిన పడింది. భూమయ్య మాలో అందరికంటే గట్టిగా నినాదాలిచ్చే డ్రైవరు, సత్తయ్యకు డ్రైవింగ్ మెళకువలు నేర్పినవాడు కూడా. వంటావార్పు పంక్తిలో అందరి ముందూ సత్తయ్యను ద్రోహి అన్నాడు. సత్తయ్య విస్తరిలో చేయి తీసి, లేచి, కడుక్కోకుండానే వెళ్లిపోయాడు. కాక తన అన్నం తాను తిన్నాడు. తిన్నాక భూమయ్య పక్కకు వచ్చి కూర్చున్నాడు. నేను నీళ్లు పోస్తూ దగ్గరే ఉన్నాను.

"భూమన్నా, ఇయ్యాల కాకుంటె రేపు తెలంగాణ అస్తది" అన్నాడు కాక. "అచ్చినంక గూడ సత్తిగాడు గీ డిపోలనే ఉంటడు. నువ్వు గూడ గీడనే ఉంటవు. అప్పుడు ఆన్ని ఏమని పిలుస్తవు?"

భూమయ్య విస్తరి మడిచి లేచాడు. సాయంత్రం కాక నన్నూ లక్ష్మవ్వనూ వెంటబెట్టుకుని సత్తయ్య ఇంటికి పోయాడు. నేను ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను, సమ్మె గురించి, ఐక్యత గురించి. కాక సత్తయ్య తల్లి మంచం పక్కన కూర్చుని ఆమె మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు, చాయ తాగాడు, గరిటె ఎర కథ చెప్పి ఆమెను నవ్వించాడు. లేచేటప్పుడు గుమ్మంలో ఆగి, "డ్యూటీకి పోతె పో సత్తీ, నీ ఇంటి కష్టం నీకెర్క. పోయినా పోకున్నా రేపు పొద్దుగాల చెరువుకాడికి రా. చక్రం గాలం పట్టెటోడు కావాలె" అన్నాడు.

మరునాడు సత్తయ్య వచ్చాడు. గంగారాం తన పుట్టి ఇచ్చాడు. వెదురుతో అల్లి, తారు పూసిన గుండ్రటి బుట్ట లాంటిది, చేపలవాళ్లు నీళ్ల మీద తిరిగేది. తెడ్డు ఎవరు వేస్తారని కాక అడిగి, ఎవరూ నోరు తెరవకముందే భూమయ్య పేరు చెప్పాడు. భూమయ్య గోదావరి ఒడ్డు ఊరివాడు, తెడ్డు వేయడం అతనికి వచ్చు. కాదనడానికి వీలులేదు. సత్తయ్య చేతికి కట్టె ఇచ్చాడు. పుట్టి గిరగిర తిరగకుండా నడుమ బరువు ఉండాలని నన్ను ఎక్కమన్నాడు. ఆయనే ఎక్కొచ్చు కదా అంటే, తాను ఎక్కితే పుట్టి చెరువు అడుగు చూస్తుందన్నాడు. అలా ముగ్గురం నీళ్ల మీదికి పోయాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు మగవాళ్లు, వాళ్ల మధ్య ఈత రాని నేను.

పుట్టి తిన్నగా పోయే వస్తువు కాదు. భూమయ్య ఎంత నేర్పుగా తెడ్డు వేసినా అది ఒక సుడి తిరిగి, ఒక అడుగు ముందుకు పోయి, మళ్లీ సుడి తిరిగేది. దాంతో ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్న ఆ ఇద్దరూ ప్రతి సుడికీ తాడు ఎటు పోతుందో చూడటానికి తల తిప్పాల్సి వచ్చేది, చూపులు కలిసేవి, మళ్లీ తప్పించుకునేవాళ్లు. గరిటె రేకు వెనక నీళ్లలో ఎండకు మెరుస్తూ వస్తోంది. కట్ట మీద కాక, లక్ష్మవ్వ, గంగవ్వ, అన్వర్, ఇంకా పదిమంది చిన్నగా కనబడుతున్నారు. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇక తిప్పుదామని భూమయ్య తెడ్డు ఎత్తాడు, సరిగ్గా అప్పుడే సత్తయ్య చేతిలో కట్టె విల్లులా వంగింది.

చక్రం గరగర తిరిగి తాడు పరిగెత్తింది. సత్తయ్య పళ్లు బిగించి వెనక్కి గుంజాడు. పుట్టి ఒక పక్కకు ఒరిగింది, నా చీర కొంగు తడిసింది.

"గుంజకు సత్తీ, తాడు ఇడువు. ఆడనీయి దాన్ని" అన్నాడు భూమయ్య. ఆ ఇద్దరి మధ్యా అదే మొదటి మాట.

"నువ్వు పుట్టి దానిమొఖాన తిప్పన్నా. కిందికివోతున్నది" అన్నాడు సత్తయ్య.

అక్కడినుంచి వాళ్లు ఆపకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇడువు, చుట్టు, ఎడమకు, ఇంకా ఎడమకు, నీ ఎడమ కాదు నా ఎడమ. కట్ట మీదివాళ్లు అందరూ తమ గాలాలు పైకి తీసేసుకున్నారు. నేను వీళ్లనూ చూడలేదు, చేపనూ చూడలేదు. నా కళ్లన్నీ తాడు మీద నేను వేసిన ముడి మీదే ఉన్నాయి. అది నీళ్లలోకి పోయేది, బయటికి వచ్చేది, మళ్లీ పోయేది. పోయిన ప్రతిసారీ మా నాయనను తలచుకున్నాను. చివరికి నీళ్లు చీల్చుకుని వాలుగ పైకి వచ్చింది. చదును తల, పొడుగు మీసాలు, చేతి పొడవు కంటే ఎక్కువే. భూమయ్య తెడ్డు వదిలేసి రెండు చేతులా దాన్ని పుట్టిలోకి ఎత్తాడు. అది కొట్టిన తోక దెబ్బకు ముగ్గురం తలల దాకా తడిశాం. పుట్టి మాత్రం తనకేం పట్టనట్టు గిరగిర తిరుగుతూనే ఉంది. నేనే ముందు నవ్వాను, సాంచాల మధ్య నవ్వినట్టు. ఆ నవ్వు కట్ట దాకా వినబడిందని తరువాత లక్ష్మవ్వ చెప్పింది.

భూమయ్య తన తలకు చుట్టిన తువ్వాల విప్పి, పిండి, సత్తయ్య చేతికిచ్చాడు. "మొఖం తుడ్సుకో" అన్నాడు. సత్తయ్య తుడుచుకుంటుండగా, నీళ్ల వైపు తిరిగి, "గా మాట అనద్దుండె నేను" అన్నాడు. సత్తయ్య తువ్వాల మడిచి తిరిగి ఇచ్చాడు. ఆ తరువాత తెడ్డు తానే తీసుకున్నాడు. అతనికి వేయడం రాదు. మేం ఒడ్డుకు చేరడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు వంటావార్పుకు గంగారాం, గంగవ్వ, సంఘంలోని వాళ్లంతా వచ్చారు. పులుసు లక్ష్మవ్వ చేసింది, పాత్రలో కలపడానికి గరిటె లేదని అందరికీ వినబడేలా చెబుతూ. సత్తయ్య డ్యూటీకి పోలేదు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు. చేప పట్టింది గాలం పట్టినవాడా, ఎత్తి పుట్టిలో వేసినవాడా అన్న తగువు మాత్రం ఆ సాయంత్రం మొదలై ఇప్పటికీ తెగలేదు. సమ్మె ముగిశాక బస్సులు నడిచాయి. మొదటి రోజు మా బస్సు పైన గంగవ్వ గంపలు, లోపల కాలు పెట్టే చోటు లేదు. కొన్నేళ్లకు తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి డిపోలో బాణాసంచా కాలుస్తున్నప్పుడు భూమయ్య, సత్తయ్య ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని పాడుతుంటే, కాక నాకు కన్ను గీటాడు.

రిటైరయ్యాక కాక బీర్పూర్ దగ్గర సొంతూరికి పోయాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా దిగి పలకరించేదాన్ని. కంట్రోలరుగా ప్రమోషన్ వచ్చిందని చెబితే, "మైకు ఇస్తరా? నీకెందుకు మైకు?" అన్నాడు. మూడు చలికాలాల కింద, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తూ పోయాడు. దినం నాడు వడ్డించింది భూమయ్య, సత్తయ్యలే. ఇద్దరికీ జుట్టు నెరిసింది. పంక్తి చివర లక్ష్మవ్వ కూర్చుని, ఆయనకు గాలం నేర్పింది తానేనని కొత్తవాళ్లకు చెబుతోంది. ఈసారి కాదనడానికి ఆయన లేడు. ఆ సంగతి తట్టినట్టుంది, తరువాత ఆమె, తనకంటే ఆయనే బాగా పట్టేవాడని కూడా చెప్పింది.

నా ఉద్యోగంలో రోజూ ఎవరితోనో ఒకరితో గొడవ తప్పదు. ఆలస్యంగా వచ్చే డ్రైవరు, సెలవు మీద సెలవు అడిగే కండక్టరు, కౌంటరు మీద కొట్టే ప్రయాణికుడు. కోపంలో ఒక మాట నోటిదాకా వస్తుంది. అనేముందు, రేపు పొద్దున ఈ మనిషి పక్కన కూర్చుని చాయ తాగగలనా అని ఒక్కసారి చూసుకుంటాను. తాగలేననిపిస్తే ఆ మాట మింగేస్తాను. ఒక్కోసారి మింగలేక అనేస్తాను కూడా. అలాంటప్పుడు మరునాడు చాయ నేనే తీసుకుపోతాను.